కమాండోస్ 3 మంచిదా చెడ్డదా: ఒక సాయంత్రంలో తేల్చుకునే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధంలో కొద్దిమంది కమాండోలను శత్రువుల కంట పడకుండా నడిపించే కంప్యూటర్ ఆట కమాండోస్. సంక్రాంతికి శ్రీకాకుళం చేరిన పాత జట్టు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ దాని మాట ఎత్తిందంటే, రెండో భాగాన్ని పొగుడుతూ మొదలై మూడో భాగం దగ్గర గొడవలోకి దిగుతుంది. ‘మూడోది ఆటేటి బావా, గడియారం చూసుకుని పరిగెట్టడమే కదా’ అంటాడొకడు. ‘రెండోదాన్ని ఆడినట్టు ఆడితే అలాగే ఉంటాది’ అంటాడింకొకడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కాకపోతే మూడోదాన్ని తిట్టేవాళ్లలో చాలామంది చివరిసారి దాన్ని ఆడింది నెట్ సెంటర్‌లో, గంట లెక్కన డబ్బులు కడుతూ. జ్ఞాపకంతో తీర్పు చెప్పే బదులు రెండు ఆటలూ పక్కపక్కన పెట్టి మూడు గంటలు ఆడి చూడండి.

ముందు తేడా ఎక్కడుందో తెలియాలి. స్పెయిన్‌లోని పైరో స్టూడియోస్ మొదటి కమాండోస్‌ను 1998లో తెచ్చింది. 2001లో వచ్చిన రెండోదానిలో మ్యాపులు పెద్దవి, తొందర లేదు. ఒక మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో సైనికుణ్ణి గుద్ది పడేసి, కట్టేసి, జేబులు వెతికి, లాక్కెళ్లి దాచుకుంటూ మ్యాపంతా ఖాళీ చేయొచ్చు. 2003 నాటి మూడోదానిలో స్టాలిన్‌గ్రాడ్, మధ్య యూరప్, నార్మండీ అని మూడు క్యాంపెయిన్లు, అంటే మిషన్ల వరుసలు. చాలా మిషన్లు పొట్టివి, కొన్నిటికి టైమర్, కొన్నిచోట్ల శత్రువులు అలలుగా వచ్చి మీద పడతారు. డ్రైవర్, నటాషా, విస్కీ అనే కుక్క జట్టులోంచి పోయారు. మిగిలింది ఆరుగురు: గ్రీన్ బెరెట్ (కత్తి పట్టే బలశాలి), స్నైపర్, డైవర్, సాపర్ (పేలుడు సామాను చూసేవాడు), స్పై, దొంగ. కుక్క పోయినందుకు ఇప్పటికీ బాధపడేవాళ్లున్నారు, ఆ బాధ న్యాయమైనదే.

ఆట ఎక్కించే దగ్గరే సగం మంది విసిగిపోతారు. పాత సీడీ కోసం వెతక్కండి. సీడీ కాపీ రక్షణకు వాడిన పాత డ్రైవర్లను విండోస్ 10 నుంచి అనుమతించడం లేదు, డిస్క్ బాగున్నా చాలా ఆటలు తెరుచుకోవు. డిజిటల్‌గా కొన్నదే వాడుకోండి. కొనేటప్పుడు పేరు చివర చూడండి: 2020లో వచ్చిన కమాండోస్ 2 హెచ్‌డీ రీమాస్టర్, 2022లో వచ్చిన కమాండోస్ 3 హెచ్‌డీ రీమాస్టర్ అసలు ఆటలు కావు, వాటికి కొత్త మెరుగులు దిద్ది మళ్లీ తెచ్చినవి. రెండోదాని రీమాస్టర్ విడుదలైనప్పుడు బగ్గుల వల్ల బాగా తిట్లు తింది. ఆ తిట్లన్నీ 2001 ఆట ఖాతాలో వేసి మాట్లాడేవాళ్లున్నారు. కాబట్టి ఎవరైనా అభిప్రాయం చెబితే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఏ వెర్షన్ ఆడావని.

అసలు ఆట కొత్త కంప్యూటర్‌లో నల్ల తెర చూపించినా, రంగులు చెదిరినా ఇలా చేయండి:

1. ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా డీ డ్రైవ్‌లో విడి ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేయండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటే పాత ఆటలు సేవ్ ఫైల్ రాయబోయినప్పుడు విండోస్ అడ్డుపడుతుంది, లేదా ఆ ఫైల్‌ను ఇంకెక్కడో దాస్తుంది.
2. డీజీవూడూ 2 అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకోండి. పాత డైరెక్ట్‌ఎక్స్ పిలుపులను కొత్త గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా మార్చడమే దాని పని.
3. అందులో ఎంఎస్ ఫోల్డర్, దాని లోపల ఎక్స్86 ఫోల్డర్ ఉంటాయి. అక్కడున్న డీఎల్‌ఎల్ ఫైళ్లన్నీ ఆట ఎక్జిక్యూటబుల్ (ఆటను తెరిచే .exe ఫైల్) ఉన్న చోటే పెట్టండి. ఎక్స్64వి పెడితే పనిచేయవు, ఎందుకంటే ఆట 32 బిట్లది.
4. ఆట తెరవండి. తెర మూలలో డీజీవూడూ ముద్ర కనిపిస్తే అంతా పనిచేస్తున్నట్టే. కనిపించకపోతే ఫైళ్లు తప్పు ఫోల్డర్‌లో పడ్డాయి. పని అయ్యాక డీజీవూడూ కంట్రోల్ ప్యానెల్‌లో డైరెక్ట్‌ఎక్స్ ట్యాబ్‌కు వెళ్లి ఆ ముద్ర తీసేయొచ్చు.

డెస్క్‌టాప్ ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారే ఆ కాస్త వ్యవధి చాలు, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. సేవ్ రాస్తుండగా అదే జరిగితే ఆ ఫైల్ పనికిరాకుండా పోతుంది. అందుకే ఒకే సేవ్ మీద ఆధారపడొద్దు. మిషన్ మొదట్లో ఒకటి కదపకుండా ఉంచండి, ఆ తర్వాత రెండు స్లాట్లను మార్చి మార్చి వాడండి.

ఇక ఆడే క్రమం. మొదటి గంట రెండోదానికి. దానిలో రెండు శిక్షణ మిషన్లున్నాయి. చేయి మర్చిపోయినవాళ్లు అవి ఆడాకే మొదటి అసలు మిషన్, అంటే ఎనిగ్మా యంత్రం కోసం జలాంతర్గాముల స్థావరంలోకి దూరే ‘నైట్ ఆఫ్ ది వుల్వ్స్’, మొదలుపెట్టాలి. దాన్ని పూర్తి చేయక్కర్లేదు. చేతికి రావాల్సింది ఒక్కటే, సైనికుడి చూపు ఎంతమేర పడుతుందో తెరమీద చూపించే పచ్చటి కోన్ చదవడం. సైనికుడికి దగ్గరున్న లేత పచ్చ భాగంలో మీరు ఎలా ఉన్నా దొరికిపోతారు. దూరంగా ఉన్న ముదురు పచ్చ భాగంలో నేలమీద పాకుతుంటే కనబడరు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, పాకుతూ వెళ్లి లేత భాగం అంచు దగ్గర లేచి నిలబడటం. కోన్ పక్కకు తిరిగేదాకా ఆగి, వీపు వైపు నుంచి చేరాలి.

రెండో గంట నుంచి మూడోది. స్టాలిన్‌గ్రాడ్‌లో మొదటి మిషన్ జర్మన్ స్నైపర్‌తో తలపడేది. రెండోదానిలోలాగే ఒక్కొక్కడినీ కట్టేస్తూ పోదామనుకుంటే మీ పని ఇక్కడే అయిపోతుంది. మూడోదానికి కవర్ మోడ్ ప్రాణం. అది రెండోదానిలోనూ ఉంది, కానీ అక్కడ దాన్ని పట్టించుకోకుండా ఆట మొత్తం దాటేయొచ్చు. ఇక్కడ కుదరదు.

కవర్ మోడ్‌లో పెట్టిన కమాండో తుపాకీ గురిపెట్టి కాచుకుని, గురి పరిధిలోకి వచ్చినవాణ్ణి తనంతట తనే కాలుస్తాడు. శత్రువులు తప్పకుండా దాటాల్సిన ఇరుకు చోటు, అంటే ద్వారబంధమో మెట్లో సందు మలుపో చూసుకోండి. ఆ చోటుకు ఎదురుగా కాకుండా పక్కగా, రైఫిల్ ఉన్నవాణ్ణి పడుకోబెట్టండి. ఎదురుగా పెడితే లోపలున్న నలుగురికీ ఒకేసారి కనబడతాడు. పక్కన పెడితే బయటికి వచ్చినవాడికే కనబడతాడు, అప్పటికే వాడి పని అయిపోయుంటుంది. రెండోవాణ్ణి వేరే కోణంలో, ఇద్దరి గురీ ఒకే గుమ్మం మీద పడేలా ఉంచండి. అప్పుడు ఇంకొకడితో కావాలనే ఒక తూటా పేల్చండి. చప్పుడు విన్నవాళ్లు దాని వైపు పరిగెత్తుకొచ్చి ఆ గుమ్మంలోంచి ఒకరి వెనక ఒకరు దిగుతారు. అల ఆగగానే శవాల జేబులు వెతికి తూటాలు తీసుకోండి, లేకపోతే తర్వాతి అలకు కమాండో ఖాళీ రైఫిల్‌తో పడుకునుంటాడు. స్నైపర్ తూటాలు మాత్రం ఇలాంటి చోట ఖర్చుపెట్టొద్దు. అవి లెక్కగానే ఇస్తారు, ఎత్తున ఉన్నవాళ్ల కోసం దాచాలి.

చప్పుడు చేయకూడని చోట స్పై ఉన్నాడు. దొరికిన యూనిఫాం వేసుకుని ఒక సైనికుడితో మాటలు పెట్టి వాడి చూపు అటు తిప్పితే, వెనకనుంచి గ్రీన్ బెరెట్ కత్తితో పని ముగిస్తాడు. పై ర్యాంకు వాళ్ల ముందు ఈ వేషం నిలవదు, కాబట్టి ముందు ఎవరు ఆఫీసరో చూసుకోండి.

టైమర్ ఉన్న మిషన్లలో మొదటిసారి గెలవాలని చూడకండి, ఆ ఒక్క ప్రయత్నాన్ని వదిలేసుకోండి. ఒక సైనికుడి మీద కోన్ పెట్టి వాడు ఎక్కడ తిరుగుతాడో, ఎక్కడ ఆగుతాడో, గస్తీ ఏ వైపు నుంచి వస్తుందో చూసి కాగితం మీద గీసుకోండి. అసలు ఆట రెండోసారే. సమయం అయిపోవస్తుండగా క్విక్ సేవ్ కొట్టారంటే, ఎన్నిసార్లు లోడ్ చేసినా అదే గోతిలో పడతారు. కదపకుండా ఉంచమన్న మొదటి సేవ్ పనికొచ్చేది అప్పుడే.

మూడోదాని మీద మా ఫిర్యాదు కూడా ఇక్కడే. చూసి, ఆలోచించి, ఎత్తు వేయడమే ఈ ఆటల రుచి. చూడ్డానికే సమయం ఇవ్వకుండా, ఓడిపోయి నేర్చుకోమంటే ఆ రుచి పోతుంది. కవర్ మోడ్‌తో అల ఆపే మిషన్లు మాత్రం బాగా కట్టారు, వాటిని తిట్టేవాళ్లతో మేం ఏకీభవించం. మొత్తమ్మీద ఆటగా రెండోదే మేలు. మూడోది విడివిడి చిక్కుముడుల సంచి అనుకుని ఆడితే డబ్బుకు మోసం లేదు.

చివరి అరగంట మాటలకు. ఒక్కొక్కరినీ మూడు అడగండి: ఏ మిషన్ దగ్గర ఆపేశావు, కవర్ మోడ్ ఎన్నిసార్లు వాడావు, టైమర్ లేని మిషన్ ఒక్కటైనా ఆడావా? స్టాలిన్‌గ్రాడ్ మొదటి మిషన్‌లోనే ఆపినవాడి కోపం ఆట కష్టం మీద. నార్మండీ దాకా వెళ్లొచ్చి కూడా బాగాలేదన్నవాడి మాటకు విలువివ్వండి, వాడు ఆట కట్టిన తీరు గురించి మాట్లాడుతున్నాడు. ఈ రెండు కోపాల్నీ ఒకే లెక్కలో వేస్తే గొడవ ఉగాది దాకా సాగుతుంది.

ఎవరైనా 2006 నాటి కమాండోస్ స్ట్రైక్ ఫోర్స్ పేరెత్తితే ఆ చర్చ వేరే రోజుకు పెట్టుకోండి, అది ఫస్ట్ పర్సన్ షూటర్, అంటే పాత్ర కళ్లతో చూస్తూ కాల్చే ఆట. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కమాండోస్ ఆరిజిన్స్ మళ్లీ పై నుంచి చూసే పద్ధతికి తిరిగొచ్చింది. అది కొనే ముందు ఎవరి ల్యాప్‌టాప్‌లో విడి గ్రాఫిక్స్ కార్డు ఉందో కనుక్కోండి, పాత రెండు ఆటలూ నడిచిన మెషిన్ దానికి చాలదు.