గ్యారేజీలో టర్బో – ఐదో పాఠం: పేరు చూసి ఇంజిన్ కొనకండి

పాత నిస్సాన్ 240ఎస్ఎక్స్ కారులో ఉన్న ఇంజిన్ తీసి టర్బో ఇంజిన్ పెట్టుకోవడం ఈ పాఠాల పని. టర్బో అంటే ఇంజిన్ పొగ బలంతో తిరిగి, గాలిని నొక్కి లోపలికి పంపే పంకా. నాలుగో పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను. 155 హార్స్‌పవర్ ఇంజిన్‌కి 7 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) బూస్ట్, అంటే టర్బో పంపే అదనపు ఒత్తిడి, ఇస్తే కాగితం మీద ఎంత శక్తి రావాలి అని. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా 74. ఒకాయనైతే మర్యాదగా, "అన్ని డాలర్లు పోసి ఉన్న బలం సగం చేసుకోవడం ఎందుకండీ?" అని అడిగారు.

తప్పు నాదే. బూస్ట్ గేజ్ సున్నా చూపిస్తున్నప్పుడు కూడా చుట్టూ ఉన్న గాలి 14.7 పీఎస్ఐతో నొక్కుతూనే ఉంటుంది. గేజ్ చూపించేది దాని పైన ఎంత అన్నదే. అది అందరికీ తెలుసులే అని చెప్పకుండా వదిలేశాను. 14.7కి 7 కలిపితే 21.7. దాన్ని 14.7తో భాగిస్తే సుమారు 1.48. అంటే అన్ని రెట్ల గాలి, అన్ని రెట్ల శక్తి. 155ని దానితో గుణిస్తే 229. మీరంతా 7ని మాత్రమే 14.7తో భాగించారు. డెన్వర్ నుంచి ఒకమ్మాయి ఒక్కతే, తమ ఊరు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి 14.7 బదులు 12 చిల్లర వేసి లెక్క కట్టింది. ఆమెకి నూటికి నూరు.

ఈ 229 ఇంకో తలనొప్పి తెచ్చింది. "ఉన్న ఇంజిన్‌కే టర్బో తగిలిస్తే 229 వస్తుంటే ఇంకో ఇంజిన్ ఎందుకు?" అని ఆరుగురు రాశారు. కాగితం మీద అన్నాను కదా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడి గాలి పలచబడుతుంది, లెక్కలో కొంత అక్కడే పోతుంది. అసలు చిక్కు సిలిండర్ లోపల. నిస్సాన్ ఎస్ఆర్20 కుటుంబాన్నే తీసుకోండి. టర్బో లేని ఎస్ఆర్20డీఈలో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలిని పిస్టన్ ఎన్ని రెట్లు కుదిస్తుందో) 9.5. టర్బో ఉన్న ఎస్ఆర్20డీఈటీలో 8.5. టర్బో ఎలాగూ గాలిని ముందే నొక్కి పంపుతుంది కాబట్టి పిస్టన్ నొక్కే పని కంపెనీవాళ్ళే తగ్గించారు. తగ్గించకుండా బూస్ట్ పెంచుకుంటూ పోతే పెట్రోల్ తన టైమ్ రాకముందే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. పిస్టన్ మీద సుత్తి దెబ్బ లాంటిది అది. తక్కువ బూస్ట్‌తో, మంచి ట్యూనింగ్‌తో నెట్టుకొచ్చేవాళ్ళు ఉన్నారు, కాదనను. మొదటిసారి చేసేవాళ్ళకి మాత్రం నేను ఒప్పుకోను. కంపెనీలోనే టర్బోతో పుట్టిన ఇంజిన్ తెచ్చుకోండి. పిస్టన్లు, ఇంజెక్టర్లు, టర్బోకి ఆయిల్ వెళ్ళే దారి, వచ్చే దారి, అన్నీ ఆలోచించే కట్టి ఉంటారు.

ఇక మూడో సంగతి. దీనివల్లే ఈ పాఠం నేను అనుకున్నట్టు రావడం లేదు. ఈ పాఠం చదవకముందే ఇద్దరు ఇంజిన్లు కొనేశారు. మన పాఠాల బండి ఏదో మీకు తెలుసు, 1989–94 మధ్య అమెరికాలో అమ్మిన ఎస్13 నిస్సాన్ 240ఎస్ఎక్స్. ఎస్13 అన్నది ఛాసిస్ కోడ్, అంటే ఆ తరం బండికి కంపెనీ పెట్టుకున్న గుర్తు. ఇంజిన్ నిలువుగా, అంటే బండి పొడవు వెంట, కూర్చుంటుంది, వెనక చక్రాలు తిరుగుతాయి. ఒకాయన దానికోసం నిస్సాన్‌దే ఇంకో కారు బ్లూబర్డ్ నుంచి తీసిన ఎస్ఆర్20డీఈటీ కొన్నారు. "మీరు చెప్పిన పేరే కదండీ, పైగా సగం ధర!" ఇంకొకాయన నిస్సాన్ సెంట్రా నుంచి ఎస్ఆర్20డీఈ తెచ్చి, "టీ ఒక్కటే తక్కువ, అది నేను పెట్టుకుంటా" అన్నారు.

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. ఈ పేర్ల గొడవ నాకు పదేళ్ళుగా మంట పుట్టిస్తోంది కాబట్టి ఇవాళ తేల్చేద్దాం.

ఎస్ఆర్20డీఈటీని విడగొట్టండి. ఎస్ఆర్ అంటే ఇంజిన్ కుటుంబం. 20 అంటే 2.0 లీటర్లు (నిజానికి 1,998 సీసీ). డీ అంటే హెడ్ (ఇంజిన్ పైభాగం) మీద రెండు క్యామ్‌షాఫ్ట్‌లు (వాల్వుల్ని తెరిపించే కడ్డీలు). ఈ అంటే ప్రతి సిలిండర్‌కి విడిగా ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్. టీ అంటే టర్బో. మీ 240ఎస్ఎక్స్‌లోనే చూడండి. 1989, 90 బండ్లలో కేఏ24ఈ ఉంటుంది, డీ లేదు, అంటే ఒకటే క్యామ్, 140 హార్స్‌పవర్. 91 నుంచి కేఏ24డీఈ, రెండు క్యామ్‌లు, 155. చివర రెండు టీలు ఉంటే రెండు టర్బోలు. మధ్యలో వీ కనిపిస్తే వాల్వులు తెరుచుకునే తీరు వేగాన్ని బట్టి మారుతుందని.

ఇన్ని చెప్పిన ఈ పేరు ఒక్కటి చెప్పదు: ఇంజిన్ బండిలో ఎటు తిరిగి కూర్చుంటుందో. ఎస్ఆర్20డీఈటీ మొదట వచ్చింది 1989లో, బ్లూబర్డ్‌లో. అందులో అడ్డంగా, అంటే బండి వెడల్పు వెంట, కూర్చుంటుంది. పల్సర్ జీటీఐ-ఆర్‌లోనూ అడ్డంగానే. మన 240ఎస్ఎక్స్‌కి జపాన్ తోబుట్టువులైన సిల్వియాలో, 180ఎస్ఎక్స్‌లో నిలువుగా. నాలుగింటి మీదా ఒకటే పేరు.

"తిప్పి పెడితే సరి" అని ఇద్దరూ అన్నారు. పెట్టండి చూద్దాం. అడ్డం ఇంజిన్ కింద ఆయిల్ సంప్ (ఆయిల్ నిలిచే గిన్నె) ఆ బండి అడుగుకి తగ్గట్టు ఉంటుంది. మీ బండిలో దాని కిందుగా క్రాస్‌మెంబర్ (బండికి అడ్డంగా ఉండే దూలం) అడ్డొస్తుంది. ఇంజిన్‌ని పట్టుకునే మౌంట్ల చోట్లు వేరు. సెంట్రా ఇంజిన్‌కి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) గేర్‌బాక్స్ వైపు చివర ఉంటుంది. నిలువుగా తిప్పితే అది వెళ్ళి ఫైర్‌వాల్‌ని (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్య గోడ) గుద్దుకుంటుంది. నీళ్ళ పైపులు, గాలి లోపలికొచ్చే మేనిఫోల్డ్, వైరింగ్ పొడవు ఏదీ కుదరదు. దానితో వచ్చిన గేర్‌బాక్స్ అడ్డం ఇంజిన్ కోసం కట్టింది. అది మీకు పేపర్‌వెయిట్. వాటి హెడ్‌లు, లోపలి భాగాలు తీసి నిలువు బ్లాక్‌లకి వాడే మొనగాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఈ పాఠాలు చదవరు.

నిస్సాన్ ఒక్కటే ఇలా అనుకోకండి. టయోటా పేరులో ముందున్న అంకె లీటర్లు కాదు, ఆ కుటుంబంలో ఎన్నో రకమో చెబుతుంది. 1జేజెడ్ 2.5 లీటర్లు, 2జేజెడ్ 3.0. "2జేజెడ్ అంటే రెండు లీటర్లే కదా, చిన్నదే, పట్టేస్తుంది" అని టేపు పట్టకుండా కొన్నాయన్ని నేను ఎరుగుదును. ఆరు సిలిండర్ల ఇంజిన్ ట్రక్కులోంచి దిగుతుంటే ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. మిత్సుబిషి 4జీ63లో 4 అంటే సిలిండర్లు, జీ అంటే పెట్రోల్. 1996లో వాళ్ళ లాన్సర్ ఇవో 4 కారు వచ్చినప్పుడు అదే ఇంజిన్‌ని 180 డిగ్రీలు తిప్పి కూర్చోబెట్టారు. అంటే అడ్డం ఇంజిన్లలోనే కుడి ఎడమలు మారిపోయాయి. పేరు మారలేదు.

అందుకని నేను అమ్మేవాళ్ళని ఇంజిన్ పేరు అడగను. "ఏ బండిలోంచి తీశారు, ఛాసిస్ కోడ్ ఏంటి?" అని అడుగుతాను. జవాబు రాకపోతే ఫోన్ పెట్టేస్తాను.

సరే, ఎస్13లో ఏది పెట్టాలి? నా మాట అడిగితే, ఎస్13 బండికి ఎస్13 సిల్వియాలోంచో 180ఎస్ఎక్స్‌లోంచో తీసిన ఎస్ఆర్20డీఈటీ. పైన వాల్వుల మీద ఎర్ర మూతదైనా సరే, నల్ల మూతదైనా సరే. జపాన్ లెక్కలో 205 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే). తర్వాతి తరం సిల్వియాల్లో ఎస్14ది 220, ఎస్15ది 250 అని ఊరిస్తారు. ఆ 15 కోసం, 45 కోసం వైరింగ్ తేడాలు, పైపుల తేడాలు నెత్తికెత్తుకోకండి. తర్వాత టర్బో మార్చుకుంటే అంతకంటే తేలిగ్గా వస్తాయి. కేఏ24ది ఇనుప బ్లాక్, ఎస్ఆర్‌ది అల్యూమినియం. ముందు బరువు తగ్గుతుంది, స్టీరింగ్‌లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. నిస్సాన్‌వే ఆరు సిలిండర్ల ఆర్‌బీ ఇంజిన్ల మీద నాకు మోజు లేదు. బండి ముక్కు బరువెక్కి, రేడియేటర్‌కి చోటు లేక, డల్లాస్ ఎండల్లో సిగ్నల్ దగ్గర టెంపరేచర్ ముల్లుని చూస్తూ టెన్షన్ పడే ఓపిక లేదు. ఇది నా పక్షపాతం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ఒట్టి ఇంజిన్ కొనకండి, సెట్ కొనండి. గేర్‌బాక్స్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), కోయకుండా తీసిన వైరింగ్, ఆ ఈసీయూకి సరిపడే గాలి కొలిచే సెన్సర్, కాయిల్స్, వాటి ఇగ్నైటర్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) పైపులు, ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ బ్రాకెట్లు. వీటిలో ఏ ఒక్కటి విడిగా వెతికినా వారాలు పడుతుంది. నా మొదటి ఇంజిన్ ఒక దిగుమతిదారు దగ్గర 200 డాలర్లు తక్కువకి వచ్చిందని సంబరపడ్డాను. ఇంటికొచ్చి చూస్తే వైరింగ్‌ని ఫైర్‌వాల్ దగ్గర కటింగ్ ప్లయర్‌తో కోసేశారు. ఒక్కో తీగా టెస్టర్ పెట్టి వెతుక్కుంటూ ఐదు వారాంతాలు కూర్చున్నాను. ఆ రోజుల్లో మా ఆవిడ గ్యారేజీలోకి కాఫీ తేవడం మానేసింది. బండిని డాష్‌బోర్డ్ వరకు కోసి, ముందు సగం మొత్తం అమ్మే హాఫ్ కట్ దొరికితే, చోటుంటే, అదే కొనండి. పనికిరానివి అమ్మితే కొంత డబ్బు వెనక్కొస్తుంది.

కండిషన్ చూడటం గురించి పొడిగానే చెబుతాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో నమ్మకండి, చచ్చిన బర్రెకు పాలెక్కువ. కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తుందో చూసే పరీక్ష, మీ కళ్ళ ముందు చేయించండి. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, మంచి బ్యాటరీతో. ఇక్కడ వచ్చే అంకెకి పైన చెప్పిన 8.5కి పోలిక పెట్టకండి. అది నిష్పత్తి, ఇది పీఎస్ఐ. అంకె ఎంత అన్నదానికంటే నాలుగూ దగ్గరగా ఉన్నాయా అన్నది చూడండి. ఒకటి మిగతావాటి కంటే 15 పీఎస్ఐ తక్కువుంటే నేను వదిలేస్తాను. తక్కువున్న దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చేస్తే అంకె పెరిగిందా, రింగులు అరిగాయి, బోరుకొచ్చినట్టే. పెరగలేదా, వాల్వుల వైపు చూడాలి. పక్కపక్కన రెండు తక్కువుంటే ఆ మధ్యలో హెడ్ గాస్కెట్ మీద అనుమానం. టర్బో చక్రాన్ని వేలితో కదపండి. పక్కకి పిసరంత ఊగితే ఫర్వాలేదు, ముందుకీ వెనక్కీ ఆడితే వద్దు. ఎస్ఆర్‌లకి ఇంకొక జబ్బు ఉంది. మరీ ఎక్కువ ఆర్‌పీఎంకి ఎగదోస్తే రాకర్ ఆర్మ్‌లు (వాల్వుల్ని నొక్కే మీటలు) ఊడిపోతాయి. అందుకే మూత విప్పించి లోపల చూస్తాను. విప్పనివ్వకపోతే కొనను.

చట్టం సంగతి. టెక్సాస్‌లో పొగ పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా 25 ఏళ్ళు దాటిన బండ్లకి పరీక్ష లేదు, కాబట్టి మన ఎస్13కి ఆ బాధ తప్పింది. కాలిఫోర్నియా వాళ్ళు మాత్రం ఈ పాఠం పక్కన పెట్టండి. అక్కడ పెట్టే ఇంజిన్ బండి కంటే పాతది కాకూడదు, అక్కడి పొగ నిబంధనలకి ఆమోదం పొందినదై ఉండాలి, రిఫరీ (దానికోసం పెట్టిన అధికారిక పరీక్షకుడు) చూసి ఒప్పుకోవాలి. జపాన్ ఇంజిన్‌తో అక్కడ నెగ్గడం కష్టం. విజయవాడ నుంచి అడిగిన తమ్ముడికి: మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడాగా మారేలా బండిని మార్చకూడదు. రోడ్డు మీద తిరిగే బండి జోలికి పోకు.

అభ్యాసం రెండు ముక్కలు. మొదటిది పది నిమిషాల పని: ఆర్‌బీ26డీఈటీటీ, సీఏ18డీఈటీ, ఎస్ఆర్16వీఈ, ఈ మూడింటినీ అక్షరం అక్షరం విడగొట్టి రాయండి. ఒక్కో ఇంజిన్ ఏ బండిలో వచ్చిందో, అడ్డంగానా నిలువుగానా అన్నది పక్కన రాయండి. రెండోది నెల రోజుల పని. మీ దగ్గర్లో మనమే విప్పుకొనే స్క్రాప్ యార్డుకి వెళ్ళి, 90ల నాటి ఏదైనా బండి ఇంజిన్ వైరింగ్‌ని ఒక్క తీగ కూడా కోయకుండా మొత్తం బయటికి తీయండి. తీసే ముందే ప్రతి కనెక్టర్‌కి మాస్కింగ్ టేపు అంటించి పేరు రాయండి. ఇంటికి తెచ్చి గ్యారేజీ నేల మీద పరిచి, టేపులన్నీ పీకేసి, మళ్ళీ చూడకుండా ఏది ఏమిటో చెప్పండి. నలభైలో ముప్పై ఐదు చెప్పగలిగాకే ఇంజిన్‌కి అడ్వాన్స్ ఇవ్వండి. ఇద్దరు కొనేశారు కాబట్టి వాళ్ళు ముందు అవి అమ్మే పని చూసుకోండి. జీటీఐ-ఆర్‌వాళ్ళు, బ్లూబర్డ్‌వాళ్ళు, సెంట్రావాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు, సంప్ కోయకముందే అమ్మితే అసలు రేటు వస్తుంది.