ఆదివారం బడ్జెట్, మంగళవారం ఎక్స్‌పైరీ: ఆప్షన్లు ఆడేవాళ్లకు జాగ్రత్తలు

ఈసారి, అంటే 2026లో, ఫిబ్రవరి 1 ఆదివారం పడింది. అయినా బడ్జెట్ ఆ రోజే, మార్కెట్ కూడా మామూలు వేళల్లోనే నడుస్తుంది. మధ్యలో ఒక్క సోమవారం, మంగళవారం నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ, అంటే ఆ వారపు ఆప్షన్ల గడువు ముగిసే రోజు. ఆప్షన్ అంటే ఒక షేరునో నిఫ్టీనో ముందే అనుకున్న ధరకు (స్ట్రైకు) కొనే హక్కు (కాల్) లేదా అమ్మే హక్కు (పుట్); దానికి కట్టే ధర ప్రీమియం. ఆప్షన్లలో ఉన్నవాళ్లను ఇంతగా ఊరించే వారం ఏడాదిలో మరొకటి ఉండదు.

స్టాప్‌లాస్ పెట్టుకోండి, టిప్స్ నమ్మకండి, అత్యాశ వద్దు అని నేను చెప్పబోవడం లేదు. అవి వినీ వినీ మీకు విసుగొచ్చి ఉంటుంది. నేను ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు రాసేవాణ్ణి. ట్రేడింగ్ చేసేవాళ్ల బ్రోకర్ లెడ్జర్లు (జమాఖర్చుల పట్టీలు) ఏటా నా టేబుల్ మీదకు వస్తాయి. వాటిలో నాకు కనిపించే తప్పు ఒక్కటే: నష్టం వచ్చాక, దాన్ని పూడ్చుకోవడానికి అకౌంట్లోకి మళ్లీ డబ్బు వేయడం.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 జులైలో ఇచ్చిన లెక్క ప్రకారం 2024-25లో ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు)లో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో నూటికి 91 మంది నష్టపోయారు. మొత్తం నికర నష్టం 1,05,603 కోట్లు. ఈ అంకె చూసి అందరూ అయ్యో అంటారు. నన్ను ఆపిన అంకె అంతకుముందు, 2024 సెప్టెంబరు నివేదికలో ఉంది. ఏడాది తర్వాత ఏడాది పోగొట్టుకుంటున్నా, నష్టపోయినవాళ్లలో 75 శాతానికి పైగా ట్రేడింగ్ ఆపలేదు. మరి ఆడటానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక లెడ్జర్ చెబుతాను. ప్రైవేటు ఉద్యోగి. ఏప్రిల్‌లో 50,000 వేశాడు. కొన్ని నెలలు అటూ ఇటూగా నడిచింది. తర్వాత ఒక ఎక్స్‌పైరీ తేదీ మీద వరుసగా నాలుగు పే-ఇన్‌లు (అకౌంట్లోకి వేసిన డబ్బు): 20,000, 30,000, 25,000, 40,000. లెడ్జర్‌లో టైము ఉండదు కాబట్టి ఫోన్‌లో యూపీఐ హిస్టరీ తీయమన్నాను. మొదటిది మధ్యాహ్నం 1:50కి, చివరిది 3 దాటాక. ఆ చివరి 40,000 అంతకు అరగంట ముందు ఒక లోన్ యాప్ నుంచి ఖాతాలో పడింది. తర్వాతి నెలలో గోల్డ్ లోన్. మొదటి 50,000 మొత్తం పోయినా అతని సంసారానికి ఏమీ అయ్యేది కాదు. అతన్ని ముంచింది ఆ మధ్యాహ్నం వేసిన డబ్బు, దాని వెనకాల వచ్చిన డబ్బు.

మొదటిసారి వేసే డబ్బు ఆలోచించి వేస్తాం. ఎంత పోయినా ఫర్వాలేదో ఒక అంచనా ఉంటుంది. రెండోసారి వేసేదానికి అంచనా ఉండదు, "ఎంత పోయింది" అన్న లెక్కే ఉంటుంది. పైగా అది ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం వేస్తారు, ప్రీమియం నిమిషనిమిషానికీ కరిగిపోయే వేళ. లక్షలో 50,000 పోతే, మిగిలిన 50,000 రెట్టింపైతే తప్ప మళ్లీ లక్ష కాదు. గంటన్నరలో రెట్టింపు కావాలంటే దూరపు స్ట్రైకు, అంటే నిఫ్టీ ఉన్న చోటుకు దూరంగా చవగ్గా దొరికేది, కొనాలి. దూరపు స్ట్రైకు చాలాసార్లు సాయంత్రానికి సున్నా.

ఇక బడ్జెట్ రోజు సంగతి. 2020లో బడ్జెట్ రోజు సెన్సెక్స్ 988 పాయింట్లు పడింది. 2021లో 2,300 పాయింట్లకు పైగా ఎగిరింది. ఈ రెండూ ఊహించడం కష్టమే కానీ, అంతకన్నా ప్రమాదకరమైనది 2024 జులై 23 లాంటి రోజు. క్యాపిటల్ గెయిన్స్ పన్ను పెంచారు, ఎఫ్ అండ్ ఓ మీద ఎస్‌టీటీ (ట్రేడ్ల మీద పడే పన్ను) పెంచారు, నిఫ్టీ 400 పాయింట్లకు పైగా జారింది, సాయంత్రానికి దాదాపు ముందురోజు చోటుకే వచ్చి ఆగింది. అలాంటి రోజు కాల్ పట్టుకున్నవాడు కిందన భయపడి అమ్మేస్తాడు, పుట్ కొన్నవాడు కిందనే కొంటాడు. ఇద్దరూ పోగొట్టుకుంటారు. ఆపైన ఇద్దరూ మళ్లీ డబ్బు వేస్తారు.

"కాల్, పుట్ రెండూ కొనేస్తే ఏదో ఒకటి పేలుతుంది కదా సార్" అంటారు. ఈవెంట్ ముందు ప్రీమియంలు ఉబ్బి ఉంటాయి. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు ఇండియా విక్స్ (మార్కెట్ ఎంత ఊగుతుందన్న అంచనాను చూపే సూచీ) సుమారు 27 దగ్గర ముగిసింది. మర్నాడే 19కి దిగింది. విక్స్ అలా దిగితే నిఫ్టీ మీరనుకున్న వైపే వెళ్లినా మీ ఆప్షన్ ధర తగ్గవచ్చు. అప్పుడు యాప్‌లో ఏదో తేడా ఉందనుకుంటారు. యాప్ సరిగ్గానే ఉంది, మీరు ఎక్కువ పెట్టి కొన్నారు. ఇది తెలియక "డైరెక్షన్ కరెక్టే కదా, ఇంకో రెండు లాట్లు కలుపుదాం" అని మళ్లీ డబ్బు వేసేవాళ్లు చాలామంది.

ఆప్షన్లు అమ్మేవాళ్లకైతే రెండో డబ్బు బ్రోకరే అడుగుతాడు, దాని పేరు మార్జిన్ కాల్. మార్జిన్ అంటే పూచీగా బ్రోకర్ దగ్గర ఉంచాల్సిన డబ్బు. నిఫ్టీ లాంటి ఇండెక్స్ ఆప్షన్లు షార్ట్ చేసి (అమ్మి) ఉంటే ఎక్స్‌పైరీ రోజు కాంట్రాక్టు విలువలో 2 శాతం అదనపు మార్జిన్ పడుతుంది. నిఫ్టీ లాట్ (ఒక్కసారికి కనీస సంఖ్య) 2026 జనవరి నుంచి 65. నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకుంటే ఒక్కో లాటుకు 32,500 అదనం. అది మంగళవారం ఉదయం వెతుక్కునే డబ్బు కాకూడదు. లేకపోతే సోమవారమే లాట్లు తగ్గించుకోండి. ఆదివారం అసలు డబ్బు వేయకండి.

స్టాక్ ఆప్షన్లలో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: అక్కడ సెటిల్‌మెంటు షేర్ల డెలివరీతోనే. ఇన్ ద మనీ కాల్ (షేరు ధర స్ట్రైకు కన్నా పైన ఉన్నది) ఎక్స్‌పైరీ దాకా ఉంచితే లాట్ మొత్తం విలువ కట్టాలి. నెలాఖరు ఎక్స్‌పైరీకి ముందే బయటపడండి.

వాట్సాప్, టెలిగ్రాం గ్రూపుల్లో "బడ్జెట్ స్పెషల్" లింకులు ఇప్పటికే తిరుగుతూ ఉంటాయి. దొంగ యాప్‌లో మీ లక్ష 6 లక్షలైనట్టు చూపిస్తారు. తీసుకోబోతే "ముందు 20 శాతం ట్యాక్స్ కట్టండి" అంటారు. చూశారా, ఇక్కడా గురి మీ రెండో డబ్బు మీదే. ట్రేడింగ్ లాభం మీద పన్ను ఏ యాప్‌కీ కట్టరు. డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ఈ వారం ఎంత పోయినా ఫర్వాలేదో శుక్రవారమే కాగితం మీద రాయండి. అంతకు మించి ఉన్నది బ్రోకర్ అకౌంటు నుంచి వెనక్కి తీసేయండి.

జీతం పడే ఖాతాను ట్రేడింగ్ అకౌంటుకు లింక్ చేయకండి.

బ్యాంకు యాప్‌లో యూపీఐ లిమిట్ తగ్గించండి. ఆదివారం బ్యాంకు మూసి ఉంటుంది, యూపీఐ మూయరు.

చాలా బ్రోకర్ యాప్‌లలో కిల్ స్విచ్ (ట్రేడింగ్ ఆపేసే బటన్) ఉంటుంది. అది ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. రాసుకున్న మొత్తం పోగానే నొక్కండి.

బడ్జెట్ ప్రసంగం 11 గంటలకు. 11 నుంచి 1 దాకా కొత్త ఆర్డరు వద్దు.

మార్కెట్ ఆర్డరు (ఆ క్షణాన ఎంత ధర ఉంటే అంతకు) వద్దు. లిమిట్ ఆర్డరే, అంటే మీరు చెప్పిన ధరకే.

చిట్టీ పాడి ట్రేడింగ్‌లో పెట్టకండి. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి అసలు పెట్టకండి. అది ఏడాదికి 36 శాతం.

"రెండు రోజుల్లో ఇచ్చేస్తా" అని బావమరిదిని అడగకండి.

పిల్లల కోసం దాచిన ఫండ్లు ప్లెడ్జ్ చేసి (తాకట్టు పెట్టి) మార్జిన్ తెచ్చుకోకండి. అదీ రెండో డబ్బే.

ఇంకొకరి అకౌంటు మీరు నడపకండి. మీది ఇంకొకరికి ఇవ్వకండి.

నష్టం ఇంట్లో దాచకండి. దాచినవాళ్లే అప్పు చేస్తారు. నిద్ర పట్టక, పిచ్చి ఆలోచనలు వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

నష్టమొచ్చిందని రిటర్ను ఎగ్గొట్టకండి. ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని జీతంలో తగ్గించుకోవడం కుదరదు. గడువులోపు ఐటీఆర్-3 వేస్తే మాత్రం ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు. గడువు దాటితే ఆ హక్కూ పోతుంది.

శనివారం తీరిక చేసుకుని లెడ్జర్ డౌన్‌లోడ్ చేయండి. లాభనష్టాల పేజీ చూడకండి. ఏప్రిల్ నుంచి ఉన్న పే-ఇన్‌లు మాత్రం లెక్కపెట్టండి, వాటి తేదీల్లో ఎన్ని ఎక్స్‌పైరీ రోజులో గుర్తు పెట్టండి. అలాంటి రోజు ఒక్కటైనా కనిపిస్తే ఈ మంగళవారం ట్రేడింగ్ జోలికి వెళ్లకండి.