పండక్కి ఊరెళ్తున్నారా? బట్టలకన్నా ముందు సీప్యాప్ మిషన్ సర్దండి

మొన్న తెల్లవారుజామున పెనుకొండ దాటాక ఒకాయన కారు ఆగి ఉన్న లారీని రాసుకుంటూ వెళ్ళి డివైడర్ ఎక్కింది. ఊళ్ళో పెళ్ళి చూసుకుని బెంగళూరు తిరిగొస్తున్నారు. భార్యకి మణికట్టు విరిగింది, ఆయనకి తల మీద కుట్లు పడ్డాయి. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు ఇళ్ళకెళ్ళి స్లీప్ స్టడీ (నిద్ర పరీక్ష) వైర్లు పెట్టడం, సీప్యాప్ మిషన్లు అమర్చడం నా పని. నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస ఆగే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళు రాత్రి మాస్క్‌తో పెట్టుకునే మిషన్ అది. ఆయన మిషన్ కూడా నేనే అమర్చాను. అందులోని మెమరీ కార్డు తీసి చూస్తే, నెలంతా రోజూ ఆరేడు గంటలు వాడినట్టు ఉంది. పెళ్ళికి వెళ్ళిన మూడు రాత్రులూ ఖాళీ. మిషన్ ఇక్కడే, మంచం పక్కనే ఉండిపోయింది.

సంక్రాంతికి హెబ్బాళ దాటి అనంతపురం, కర్నూలు వైపు, హోస్కోటె మీదుగా చిత్తూరు, తిరుపతి వైపు మనవాళ్ళ కార్లు బారులు తీరతాయి. తాగి నడపొద్దు, బెల్టు పెట్టుకోండి అని మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే: "రెండు రోజులే కదా" అని మిషన్ వదిలేసి వెళ్ళకండి.

సీప్యాప్ ఈ జబ్బుని నయం చేయదు. గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా పట్టుకుంటుంది, అంతే. మాస్క్ తీస్తే ఆ పట్టు పోతుంది. ఎక్కువమందికి తీసిన మొదటి రాత్రే శ్వాస ఆగడం మళ్ళీ మొదలవుతుంది, కొన్ని రాత్రుల్లోనే పగటి నిద్రమత్తు తిరిగొస్తుంది. రిపోర్టులో ఏహెచ్ఐ 30 ఉందంటే గంటకి 30 సార్లు శ్వాస ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని అర్థం. ఏడు గంటల నిద్రలో అది 210 సార్లు. ఆ మనిషి పొద్దున లేచి "రాత్రి బాగా పడుకున్నాను, నేనే నడుపుతాను" అంటాడు. అబద్ధం చెప్పడు, నిజంగానే అలా అనుకుంటాడు. అదే నాకు భయం. మత్తు అలవాటైన మనిషికి తన మత్తు తెలియదు. హైవే మీద నాలుగు సెకన్లు కన్ను మూతపడితే కారు వంద మీటర్లు దాటిపోతుంది.

వదిలేసి వెళ్ళడానికి అందరూ చెప్పే కారణం బరువు. అసలు కారణం మొహమాటం. "అత్తగారింట్లో హాల్లో అందరం చాపలేసుకుని పడుకుంటామన్నా, ఆ మూతికి తగిలించుకుని ఎలా?" అని నన్ను అడిగినవాళ్ళు ఎంతమందో. వెళ్ళకముందే ఫోన్ చేసి చెప్పేయండి: నాకు శ్వాస మిషన్ ఉంది, ప్లగ్గు దగ్గర పక్క వేయండి అని. పిల్లలు ఒక రాత్రి వింతగా చూస్తారు, రెండో రాత్రికి మర్చిపోతారు.

సర్దేటప్పుడు

మిషన్‌కి ఉండే నీళ్ళ డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి పెట్టండి. నీళ్ళతో పెడితే కారు కుదుపులకి అవి మిషన్లోకి పోతాయి. మాస్క్, గొట్టం, అడాప్టర్ ఒకే బ్యాగులో ఉండాలి. పాత ఇళ్ళల్లో ప్లగ్గు గోడకి ఎక్కడో ఉంటుంది కాబట్టి పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసుకోండి. విమానంలో వెళ్తే మిషన్ చేతి సామానులోనే, లగేజీలో వేయకండి.

ఊళ్ళో

డబ్బాలో బోరు నీళ్ళు పోయకండి. డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే కాచి చల్లార్చిన నీళ్ళతో ఆ రెండు రోజులు గడపొచ్చు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడపాల్సొస్తే హ్యూమిడిఫైయర్ (గాలికి తేమ పట్టించే భాగం) ఆపేయండి, ఎక్కువ కరెంటు తినేది అదే. భోగి మంట పొగకి ముక్కు దిబ్బడ వేస్తే మాస్క్ భరించలేరు. సెలైన్ చుక్కలు దగ్గర పెట్టుకోండి. జలుబుకి మెడికల్ షాపులో ఇచ్చే మాత్రల్లో చాలావాటికి నిద్ర వస్తుంది, అడిగి తీసుకోండి. మందు కొట్టొద్దు, నిద్రమాత్ర వేసుకోవద్దు. రెండూ గొంతు కండరాల్ని ఇంకా వదులు చేయొచ్చు.

తిరుగు ప్రయాణం

పండగ అలసట, కడుపునిండా భోజనం, పొద్దున ఆఫీసు. ఈ మూడూ కలిసి అర్ధరాత్రి బయల్దేరదీస్తాయి. రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఆరోగ్యవంతుడికే ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. ఒక్క రాత్రి మాస్క్ పెట్టుకోకపోయినా స్టీరింగ్ ముట్టుకోకండి. తాళాలు ఇంకొకరికివ్వండి. ఎవరూ లేకపోతే బస్సో రైలో ఎక్కండి. కిటికీ దించితే, పాటలు పెంచితే నిద్ర ఆగదు. ఆవలింతలు ఆగకపోతే, గత ఐదు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తు లేకపోతే, పెట్రోల్ బంకులో ఆపి కాఫీ తాగి ఇరవై నిమిషాలు పడుకోండి. కాఫీ పనిచేయడానికి దాదాపు అంతసేపు పడుతుంది. లేచాక కూడా తల బరువుగా ఉంటే అక్కడితో ప్రయాణం ఆపేయండి.

ఇంకా పరీక్షే చేయించుకోనివాళ్ళకి: గురకతో పాటు మధ్యలో శ్వాస ఆగుతోందని ఇంట్లోవాళ్ళు చెప్తే, సిగ్నల్ దగ్గర కూడా కునుకు పడుతుంటే, పండగ అయ్యేదాకా ఆగకండి. నిమ్హాన్స్‌లో, పెద్ద ఆస్పత్రుల్లో స్లీప్ ల్యాబ్‌లు ఉన్నాయి. ఇంటి దగ్గర చేసే పరీక్ష నార్మల్ వచ్చినా మత్తు తగ్గకపోతే ల్యాబ్ పరీక్ష అడగండి. ఇంటి పరికరాల్లో చాలావాటికి మీరు నిద్రపోయారో లేదో తెలియదు. మెలకువగా ఉన్న గంటలూ లెక్కలో కలిసి అంకె తగ్గిపోతుంది.

ఇంకొన్ని:

డాక్టరు చూడకుండా ఆన్‌లైన్లో మిషన్ కొనొద్దు.

సెకండ్‌హ్యాండ్ అసలొద్దు. లోపలి ఫోమ్ (స్పాంజి) పొడిగా రాలి శ్వాసలోకి పోవచ్చని ఫిలిప్స్ 2021 జూన్‌లో లక్షల మిషన్లు వెనక్కి పిలిచింది.

తమ్ముడి మిషన్ అరువు తెచ్చుకోవద్దు. ఆ ఒత్తిడి అతనికి పెట్టింది.

మూతికి టేపు వేసుకోవద్దు.

రెండు కిలోలు తగ్గానని మీ అంతట మీరు మానేయొద్దు.

మధ్యాహ్నం కునుక్కి కూడా మాస్క్ పెట్టుకోండి.

డ్రైవర్‌ని పెట్టుకుంటే అతను రాత్రి ఎక్కడ పడుకున్నాడో అడగండి. కారులో పడుకున్నాడంటే పడుకోనట్టే.

రెండు రోజులే అయినా మిషన్ తీసుకెళ్ళండి. ఒక్క రాత్రే అయినా తీసుకెళ్ళండి. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కాక మర్చిపోయామని గుర్తొస్తే వెనక్కి తిప్పండి.