ఊరి పూలతోటను ఒక రోజు జనానికి తెరవడం – మూడో పాఠం: తేదీ కుదుర్చుకోవడం, ఆ తేదీకి తోటను నిలబెట్టడం

పోయిన పాఠంలో తోటను కాగితం మీద గీసుకున్నాం. ఎండ ఎటు పడుతుంది, నీడ ఎక్కడ నిలుస్తుంది, నీళ్ళు ఏ మూల ఇంకకుండా ఉంటాయి, అన్నీ గుర్తులు పెట్టుకున్నాం. ఆ కాగితం తెచ్చుకోండి. ఇవాళ దాని మీద నెలలు రాయబోతున్నాం.

ఈ పాఠాల్లోకి కొత్తగా వచ్చినవారి కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో సొంత ఇంటి తోటను ఏడాదిలో ఒకటి రెండు రోజులు జనానికి తెరిచి, టికెట్ మీదా టీ మీదా మొక్కల అమ్మకం మీదా వచ్చిన డబ్బును నర్సుల సేవకు, హాస్పిస్‌లకు (నయంకాని జబ్బుతో ఉన్నవారిని చివరి రోజుల్లో చూసుకునే చోట్లకు) ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని నడిపేది నేషనల్ గార్డెన్ స్కీమ్. దీని మూలం 1859లో ఉంది. లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్, చివరి రోజుల్లో తన భార్యకు ఇంట్లోనే సేవ చేసిన నర్సును, డబ్బులేని ఇళ్ళకు కూడా వెళ్ళి అదే సేవ చేయమని జీతమిచ్చి పెట్టుకున్నాడు. ఆ ఏర్పాటే పెరిగి పెరిగి క్వీన్స్ నర్సింగ్ ఇన్‌స్టిట్యూట్ అయింది. ఆ సంస్థకు నిధులు కావలసి వచ్చినప్పుడు, దాని కౌన్సిల్ సభ్యురాలు ఎల్సీ వాగ్, మంచి తోటలున్నవాళ్ళు తలకు ఒక షిల్లింగ్ తీసుకుని జనాన్ని లోపలికి రానివ్వొచ్చు కదా అంది. 1927లో 609 తోటలు తెరుచుకుని 8,000 పౌండ్లకు పైగా కూడాయి. ఇప్పుడు ఏటా 3,000కు పైగా తోటలు తెరుస్తున్నారు. క్యాన్సర్ రోగులకు, చివరి దశలో ఉన్నవారికి సేవ చేసే మాక్‌మిలన్, మేరీ క్యూరీ లాంటి సంస్థలకూ ఆ డబ్బు వెళ్తుంది. ఇంట్లో మంచాన పడ్డ మనిషి దగ్గరికి నర్సు నడిచి రావడం ఎంత ధైర్యమో అనుభవించిన వాళ్ళకు తెలుసు. మనం గేటు తెరిచేది అందుకోసం. అది మనసులో ఉంటే మిగతా చాకిరీ బరువనిపించదు.

మొదటి పాఠం చదివి, మాది చిన్న తోట, పనికొస్తుందా అని అడిగినవాళ్ళకు: పనికొస్తుంది. స్కీమ్ తరఫున జిల్లా స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చి చూసేటప్పుడు వాళ్ళు వాడుతూ వచ్చిన కొలత ఒకటుంది. వచ్చిన మనిషికి ముప్పావుగంట సేపు చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి. మీ ఒక్కరి తోటలో అంత లేకపోతే వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఒకే టికెట్ మీద తెరవొచ్చు. పల్లెల్లో ఇలా ఊరంతా కలిసి తెరిచే రోజులు నాకు అన్నిటికంటే ఇష్టం.

ఇక తేదీ సంగతి.

చాలామంది సెలవులు చూసుకునో, పిల్లలు ఇంటికొచ్చే వారం చూసుకునో తేదీ పెట్టేస్తారు. ఆ తర్వాత తోటను ఆ తేదీకి లాక్కురావడానికి నానా తంటాలు పడతారు. ముందు తోటను అడగండి. ఏ వారంలో గేటు దగ్గర నిలబడి చూస్తే కన్ను తిప్పుకోలేమో ఆ వారమే మీ వారం. ఇందులో ఒక చిక్కుంది. స్కీమ్ వాళ్ళ గైడు పుస్తకం ఏడాది మొదట్లో వస్తుంది. అందులో మీ తోట పడాలంటే ముందటి శరదృతువులోనే తేదీ చెప్పేయాలి. అంటే వచ్చే జూన్ గురించి ఈ జూన్‌లోనే గమనించి రాసుకుని ఉండాలి. జ్ఞాపకం మీద వదిలేస్తే కుదరదు, ఎందుకంటే పూలు బాగా పూసిన రోజే మనకు గుర్తుంటుంది, ఆ రోజు తేదీ గుర్తుండదు.

కాటేజ్ తోటకు, అంటే పల్లె ఇంటి ముందు రకరకాల పూలు కలగలిసి గుబురుగా పెరిగే తోటకు, జూన్ మధ్య నుంచి నెలాఖరు దాకా పండగ రోజులు. ఏడాదికి ఒక్కసారే పూసే పాతకాలపు గులాబీలు, ఫాక్స్‌గ్లవ్‌లు, డెల్ఫీనియంలు, హార్డీ జెరేనియంలు, గోడ మీద హనీసకిల్, అన్నీ కలిసి పూసే రోజులవి. మొదటిసారి తెరుస్తున్నవారికి నా సలహా ఇదే సమయం. దక్షిణాన కార్న్‌వాల్‌లో ఉన్నవారు కొంచెం ముందుగా, ఉత్తరాన నార్తంబర్లండ్‌లో ఉన్నవారు కొంచెం ఆలస్యంగా పెట్టుకోండి. అయితే చుట్టుపక్కల తోటలన్నీ కూడా అప్పుడే తెరుస్తాయి. మీ మడుల్లో ఫ్లాక్స్, హోలీహాక్, హెలీనియం ఎక్కువగా ఉంటే జూలై చివరికి వెళ్ళండి. పోటీ తక్కువ, జనం మీకోసమే వస్తారు. హోలీహాక్ చూస్తే మన పెరట్లో బెండపువ్వు గుర్తొస్తుంది కదూ, రెండూ మందార కుటుంబమే. చెట్ల కింద స్నోడ్రాప్స్ (చలికాలం చివర్లో పూసే చిన్న తెల్లపూలు) పరుచుకుని ఉన్నవారు ఫిబ్రవరిలోనే తెరుస్తారు. చలిలో వచ్చినవాళ్ళకు వేడి సూప్ పెడితే చాలు, దీవించి వెళ్తారు.

జూన్ మూడో ఆదివారం అనుకున్నామని పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేద్దాం.

ఏడాది వెనక, ముందటి మే, జూన్ నెలల్లో ఫాక్స్‌గ్లవ్ విత్తనాలు చల్లాలి. అవి మొదటి ఏడాది ఆకులే వేస్తాయి, పూత రెండో ఏడాది. హోలీహాక్ కూడా అంతే. ఈ ఏడాది ఫాక్స్‌గ్లవ్‌లు బోలెడు పూశాయి కాబట్టి వచ్చే ఏడాదీ పూస్తాయని ధీమాగా ఉండకండి. పూసినవి సాధారణంగా గింజ రాల్చి చచ్చిపోతాయి. ఆ గింజల మొలకలు చాలావరకు వచ్చే ఏడాది కాక, ఆ పై ఏడాదికి పూత కొస్తాయి. ఏటా పూయాలంటే ఏటా నారు పోయాలి. అక్టోబరులో స్వీట్‌పీ గింజలు లోతైన కుండీల్లో పెట్టి చలి తగలని అద్దాల పెట్టెలో ఉంచితే జూన్‌కి పందిరెక్కి పూస్తాయి. వసంతంలో వేసినవి కాస్త ఆలస్యంగా వస్తాయి.

ఏప్రిల్‌లో ఊతకర్రలు. ఈ ఒక్క పని మీద కాసేపు నిలబడాలనుంది, ఎందుకంటే జూన్‌లో వచ్చే గాలివానకు తోటలు కూలేది ఇక్కడే. డెల్ఫీనియం కాడ లోపల బోలుగా ఉంటుంది. పైన పూలగుత్తి నీళ్ళు పీల్చుకుని బరువెక్కితే కాడ పుటుక్కున విరుగుతుంది. కాడ మోకాలెత్తు రాగానే పక్కనే వెదురు బద్ద గుచ్చండి. వేళ్ళకు తగలకుండా జానెడు దూరంలో గుచ్చాలి. దారాన్ని ముందు బద్దకు గట్టిగా ఒక చుట్టు చుట్టి, మధ్యలో మెలి వేసి, తర్వాత కాడ చుట్టూ వదులుగా తిప్పి ముడేయండి. ముడి బద్ద వైపు పడాలి. కాడ చుట్టూ రెండు వేళ్ళు దూరేంత సందుండాలి, గాలికి అది కొంచెం ఊగాలి. బిగించి కట్టారా, అక్కడే విరుగుతుంది. కాడ పెరిగిన కొద్దీ పైన మరో కట్టు వేస్తూ పోవాలి. గుబురుగా పెరిగే జెరేనియం లాంటి వాటికి వెదురు బద్దలు వద్దు. హేజెల్ కొమ్మల రెమ్మలు చుట్టూ గుచ్చి, పై కొసలు లోపలికి వంచేస్తే మొక్క వాటిలోంచి పెరిగి వాటిని కప్పేస్తుంది. మొక్క పడిపోయాక లేపి కడితే ఆ వంకర చూసినవాళ్ళకు తెలిసిపోతుంది. అందుకే పడకముందు కట్టాలి.

మే నెల రెండో సగంలో, లండన్‌లో చెల్సీ పూల ప్రదర్శన జరిగే రోజుల్లో, ఇక్కడి తోటమాలులు కొన్ని మొక్కలను మూడో వంతో సగమో కోసేస్తారు. దానికి చెల్సీ చాప్ అనే పేరు స్థిరపడింది. సీడమ్, హెలీనియం, ఫ్లాక్స్ లాంటి వాటిని అలా కోస్తే పొట్టిగా, గుబురుగా పెరిగి కొన్ని వారాలు ఆలస్యంగా పూస్తాయి. జూలై, ఆగస్టుల్లో తెరిచేవారికి ఇది వరం. దుబ్బులో మన వైపున్న సగం మాత్రమే కోస్తే వెనక సగం మొదట పూస్తుంది, కోసిన సగం తర్వాత పూస్తుంది. జూన్‌లో పూయాల్సిన వాటి మీద మాత్రం కత్తెర పెట్టకండి.

ఇప్పుడు ఖాళీల సంగతి. ఓరియంటల్ పాపీ చూశారా? అరచేయంత ఎర్రటి రేకులు, అడుగున నల్లటి మచ్చ, నలిగిన పట్టుగుడ్డలా ముడతలు. మూడు నాలుగు రోజుల్లో రాలిపోతుంది. ఆ తర్వాత ఆకులు పసుపెక్కి వాలి, జూన్ మధ్యకల్లా మడి నడిబొడ్డున పెద్ద గొయ్యిలాంటి ఖాళీ మిగులుతుంది. మీరు తెరిచే రోజుకి సరిగ్గా అదే మిగులుతుంది. ఆకులను నేలమట్టానికి కోసేయండి, మొక్కకేమీ కాదు, మళ్ళీ చిగురిస్తుంది. ఆ ఖాళీ కోసం మార్చిలోనే కాస్మోస్‌నో తెల్ల పొగాకుపూలనో పెద్ద కుండీల్లో పెంచి పెట్టుకోండి. తెరిచే ముందు వారం కుండీని కుండీలాగే మట్టిలో అంచు దాకా పాతేస్తే సరిపోతుంది. కాగితం మీద మీ తోటలో ఇలాంటి ఖాళీలు ఎక్కడ పడతాయో ఇప్పుడే ఎర్ర సిరాతో చుట్టండి. ఒక తోటకు నాలుగైదు కుండీలు సిద్ధంగా ఉంటే ధైర్యంగా ఉండొచ్చు.

చివరి పదిహేను రోజుల్లో కొత్తగా ఏమీ నాటొద్దు. వాడిన పూలు తుంచడం, కలుపు తీయడం, నీళ్ళు పెట్టడం. స్వీట్‌పీ పూలను రెండు రోజులకోసారి కోసి ఇంట్లో పెట్టుకోండి. కాయ కట్టనిచ్చారంటే పూత ఆగిపోతుంది. తెరిచే రోజుకు రెండు రోజుల ముందు మాత్రం కోయడం ఆపండి. కలుపంతా తీయడం ఎవరి వల్లా కాదు, దారికి ఇటూ అటూ మూరెడు మేర శుభ్రంగా ఉంటే చాలు. పచ్చికను ముందు రోజు కోసి, దాని అంచులను కత్తెరతో తీర్చండి. ఒక్క గంటే టైముంటే మడుల్లోకి వెళ్ళకుండా ఈ అంచుల దగ్గరే ఖర్చు పెట్టండి. అంచు గీసినట్టుంటే మడిలో ఉన్న చిందరవందర కూడా కావాలని వదిలినట్టే కనిపిస్తుంది.

విషపు మొక్కల గురించి ఒక హెచ్చరిక. ఫాక్స్‌గ్లవ్ ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. స్వీట్‌పీ గింజలు కూడా తినకూడనివి. ముసుగులాంటి అందమైన నీలి పూల మంక్స్‌హుడ్ అంతకంటే ప్రమాదం. మన నాటువైద్యులు భయపడుతూ శుద్ధి చేసి వాడే వసనాభి దీని జాతిదే. పీకేయనక్కర్లేదు. పిల్లల చేతికందే దారి పక్క నుంచి వెనక వరసకు మార్చండి, ముట్టుకోవద్దని చిన్న బోర్డు పెట్టండి, మీరు తాకేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి. చెరువుగుంట ఉంటే దాని దగ్గర ఆ రోజంతా ఒక మనిషి ఉండాలి. ఇన్సూరెన్సు, పసుపు రంగు పోస్టర్లు, దారి చూపే బాణాలు, వీటి సంగతి మీ జిల్లా కార్యకర్త చూసి చెప్తారు, ఇక్కడ సాగదీయను.

వాన వస్తే? వస్తుంది. ఇంగ్లండ్‌లో జూన్ అంటేనే అది. వానలో కూడా గొడుగులు వేసుకుని వచ్చేవాళ్ళు నిజంగా తోటలంటే ప్రాణమిచ్చేవాళ్ళు, వాళ్ళతో మాట్లాడటం ఒక భాగ్యం. తడికి ముద్దయిన గులాబీలను పొద్దున్నే దులిపి, చెడిన వాటిని తుంచేయండి. ఇటుక దారి మీద పాచి ఉంటే ముందు వారమే గట్టి బ్రష్షుతో రుద్ది పెట్టుకోండి. దీన్ని ఎంతమాత్రం వాయిదా వేయొద్దు, వచ్చేవాళ్ళలో పెద్ద వయసువారే ఎక్కువ.

ఈ పాఠానికి అభ్యాసం. ఈ వారం నుంచి ప్రతి ఆదివారం పొద్దున గేటు దగ్గర ఒకే చోట నిలబడి ఒక ఫోటో తీయండి. అదే రోజు నోటుబుక్కులో మూడు వరసలు రాయండి: విరిసినవి, మొగ్గ మీదున్నవి, అయిపోయినవి. సెప్టెంబరు దాకా ఇలా చేస్తే ఏ ఆదివారం మొదటి వరస అన్నిటికంటే పొడుగ్గా ఉందో, మూడో వరస పొట్టిగా ఉందో మీకే కనిపిస్తుంది. దానికి అటూ ఇటూ ఒక వారం కలిపి, మూడు తేదీలు జిల్లా కార్యకర్తకు చెప్పండి. దగ్గర్లో ఏ తోటలు ఎప్పుడు తెరుస్తున్నాయో చూసి వాళ్ళు ఒకటి ఖాయం చేస్తారు.

నాలుగో పాఠంలో జనం నడిచే దారి, కార్లు నిలిపే పొలం, కుర్చీలు ఎక్కడ వేయాలన్నది చూద్దాం. టీ, కేకులు, వాటి పక్కన రాసి పెట్టాల్సిన ఎలర్జీ వివరాలు ఐదో పాఠంలో.