ఐవీఎఫ్ బిల్లులకు పన్ను మినహాయింపు ఉందా? వైద్య ఖర్చులను రిటర్న్‌లో చూపే విధానం

హన్మకొండలో రిటర్న్ వేయించుకోవడానికి వచ్చే దంపతుల్లో కొందరు సంతాన సాఫల్య కేంద్రం బిల్లుల ఫైలు కూడా వెంట తెస్తారు. ఇంజెక్షన్లు, స్కానింగ్‌లు, హైదరాబాద్ ప్రయాణాలు కలిపితే లెక్క లక్షలు దాటుతుంది. "ఇంత పెట్టినం కదా, పన్నుల ఏమన్న తగ్గుతదా?" అని అడుగుతారు. ఆశపెట్టడం కంటే ఉన్నది చెప్పడమే మేలు. సంతానం కోసం చేయించుకునే ఐవీఎఫ్, ఐయూఐ చికిత్సల ఖర్చుకు ఆదాయపన్నులో నేరుగా మినహాయింపు లేదు.

రీఫండ్ ఎక్కువ వస్తుందని కొందరు ఏజెంట్లు ఈ బిల్లులను ఆదాయపన్ను చట్టం సెక్షన్ 80డీడీబీ కింద వేస్తామంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ సెక్షన్ క్యాన్సర్, దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం, తలసేమియా, హీమోఫీలియా, కొన్ని నరాల జబ్బుల వంటి నిర్ణీత వ్యాధులకే. సంతానలేమి ఆ జాబితాలో లేదు. తప్పుడు క్లెయిమ్ అని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల దాకా జరిమానా పడుతుంది. రిటర్న్ మీ పాన్ మీద ఉంటుంది కాబట్టి నోటీసూ మీకే వస్తుంది.

మరి ఏం చూపవచ్చు? అంతకన్నా ముందు, చూపాల్సిన అవసరం ఉందో లేదో చూసుకోండి. 2025-26 ఆర్థిక సంవత్సరంలో కొత్త పన్ను విధానం (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) కింద జీతం 12.75 లక్షల లోపుంటే, వేరే ఆదాయం లేకపోతే, పన్నే పడదు. అప్పుడు బిల్లులు వెతికే టెన్షన్ అక్కర్లేదు. 80డీ (ఆరోగ్య బీమా, వైద్య ఖర్చుల మినహాయింపు), 80డీడీబీ రెండూ పాత విధానంలోనే దొరుకుతాయి.

పాత విధానమే లాభం అనుకుంటే 80డీ చూడండి. మీకు, జీవిత భాగస్వామికి, మీపై ఆధారపడిన పిల్లలకు కట్టిన ఆరోగ్య బీమా ప్రీమియంలో 25,000 వరకు మినహాయింపు ఉంది. పాలసీలో సంతాన చికిత్స కవర్ ఉన్నా ఈ ప్రీమియం చెల్లుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 5,200 రూపాయలు మిగులుతాయి.

చాలామంది వదిలేసేది తల్లిదండ్రుల ఖర్చు. 60 దాటిన అమ్మానాన్నలకు బీమా లేకపోతే వాళ్ల మందులు, డాక్టర్ ఫీజులు, టెస్టులు 50,000 వరకు మీరే క్లెయిమ్ చేయవచ్చు. వాళ్లు మీ మీద ఆధారపడి ఉండాలన్న షరతు కూడా లేదు. అయితే నగదు చెల్లదు. ఫోన్‌పే, కార్డు, చెక్కు ఏదైనా సరే. కాజీపేటలో మందుల షాపుకు వెళ్లినా ఫోన్‌లోనే కట్టి, పేరున్న బిల్లు అడగండి. అత్తమామల బిల్లులు మాత్రం అల్లుడి ఖాతాలో రావు. కూతురు తన రిటర్న్‌లో వేసుకోవాలి.

ఉద్యోగులకు ఇంకో దారి ఉంది, కొత్త విధానంలోనూ పనికొస్తుంది. ఆదాయపన్ను శాఖ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో స్త్రీ సంబంధ సమస్యకు ఆపరేషన్ గానీ లాప్రోస్కోపీ గానీ చేయించుకుని, ఆ ఖర్చును సంస్థ తిరిగి ఇస్తే, ఆ మొత్తాన్ని జీతంలో కలిపి పన్ను వేయకూడదు. ఐవీఎఫ్‌కు ముందు సిస్టు తీయించుకున్నవారు ఇది తప్పక గమనించాలి. ఆస్పత్రి గుర్తింపు గురించి ముందే అడగండి. జబ్బు పేరుతో ధ్రువపత్రం, రసీదు తీసుకుని అకౌంట్స్ విభాగంలో ఇవ్వండి.

ఇక ఆదాయపన్ను పోర్టల్. పాన్‌తో లాగిన్ అయి 2026-27 అసెస్‌మెంట్ ఇయర్ ఎంచుకోండి (2025-26 ఆదాయానికి ఇదే). పాత విధానం కావాలంటే, కొత్త విధానం వద్దా అని అడిగినచోట 'అవును' పెట్టాలి. వ్యాపార ఆదాయం ఉన్నవారు పాత విధానం కోసం ముందుగా ఫారం 10-ఐఈఏ దాఖలు చేయాలి. 80డీ షెడ్యూల్‌లో బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు అడుగుతుంది. 80డీడీబీ నిజంగా వర్తించే ఇంట్లో స్పెషలిస్టు ప్రిస్క్రిప్షన్ దగ్గరుండాలి. అందులో రోగి పేరు, వయసు, జబ్బు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. పరిమితి 40,000, రోగి 60 దాటితే లక్ష. బీమా నుంచి వచ్చింది తీసేసి రాయాలి.

బిల్లులు అప్‌లోడ్ చేయనక్కర్లేదు, కానీ పారేయకండి. జీతం మాత్రమే ఉన్నవారికి గడువు జూలై 31. అది దాటితే పాత విధానం ఎంచుకునే వీలుండదు. ఫైల్ చేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయండి, లేకపోతే వేసిన రిటర్న్ చెల్లదు.