డీపీకేజీ ‘నో పాత్ ఫౌండ్’ అంటే ఆ ఫైల్ ఎవరిదో ఎలా పట్టుకోవాలి?

సమస్య

డెబియన్ 12 లైనక్స్‌లో ఎల్‌ఎస్ కమాండ్ ఎక్కడుందో ‘విచ్ ఎల్‌ఎస్’ అని అడిగితే /యూఎస్‌ఆర్/బిన్/ఎల్‌ఎస్ అని చూపిస్తుంది. అదే పాత్‌ను, ఫైల్ ఏ ప్యాకేజీదో చెప్పే ‘డీపీకేజీ -ఎస్’కి ఇస్తే ‘నో పాత్ ఫౌండ్’ అంటుంది. ఇక్కడ ఎస్ క్యాపిటల్ లెటర్. చిన్న ఎస్ ప్యాకేజీ స్టేటస్ చూడటానికి. ఫైల్ కళ్లెదుట ఉంది, పనిచేస్తోంది. మరి దాన్ని ఏ ప్యాకేజీ పెట్టినట్టు?

కారణం

డీపీకేజీ డిస్క్ మీద ఫైల్‌ను చూడదు. /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో ఫోల్డర్‌లో ప్రతి ప్యాకేజీకీ ఒక .లిస్ట్ ఫైల్ ఉంటుంది. మీరిచ్చిన పాత్‌ను అందులో రాసున్న పాత్‌తో పోలుస్తుంది, అంతే. డెబియన్ 12లో కోర్‌యుటిల్స్ ప్యాకేజీ జాబితాలో ఉన్నది /బిన్/ఎల్‌ఎస్. ఇప్పుడు /బిన్ అనేది /యూఎస్‌ఆర్/బిన్‌కి సిమ్‌లింక్ (దారి చూపే లింక్) మాత్రమే, కాబట్టి రెండూ ఒకే ఫైల్. కానీ ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి పాస్‌బుక్‌లో వెనక ఉంటే, మనిషి ఎదురుగా నిలబడ్డా కౌంటర్‌లో కుదరదంటారే, ఇదీ అదే తంతు.

పరిష్కారం

ముందు /యూఎస్‌ఆర్ తీసేసి /బిన్/ఎల్‌ఎస్ అని అడగండి. కోర్‌యుటిల్స్ అని జవాబొస్తుంది. డెబియన్ 13లో ఇది తిరగబడింది, అక్కడ /యూఎస్‌ఆర్ ఉంచే అడగాలి. ఏ వెర్షనో గుర్తులేకపోతే ‘*/ఎల్‌ఎస్’ అని కోట్స్‌లో పెట్టి వెతకడమే సుఖం. ఒకటీ అరా అనవసరమైన ఫలితాలొచ్చినా అసలుది దొరుకుతుంది.

అయినా దొరక్కపోతే ఆ ఫైలే సిమ్‌లింక్ అయ్యుండొచ్చు. వీఐ ఎడిటర్ పాత్ /యూఎస్‌ఆర్/బిన్/వీఐ ఏ ప్యాకేజీ జాబితాలోనూ ఉండదు. అది, ఒకే పని చేసే ప్రోగ్రాముల్లో ఒకదాన్ని ఎంచే అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ పెట్టే లింక్. ‘రీడ్‌లింక్ -ఎఫ్’తో చివరి పాత్ తెలుసుకుని దాన్ని అడగండి. అది విమ్.బేసిక్ అయితే ప్యాకేజీ విమ్. అయితే ఒక్క మాట, /బిన్‌లోని వాటికి రీడ్‌లింక్ /యూఎస్‌ఆర్ ఉన్న పాత్‌నే ఇస్తుంది కాబట్టి, డెబియన్ 12లో పైన చెప్పిన ఎల్‌ఎస్ లాంటి వాటికి పనికిరాదు.

ఏ జాబితాలోనూ లేని ఫైళ్లు నిజంగానే కొన్ని ఉంటాయి. /ఈటీసీ/ఎస్‌ఎస్‌ఎల్/సర్ట్స్‌లోని సీఏ-సర్టిఫికెట్స్.సీఆర్‌టీ అలాంటిదే, దాన్ని ఇన్‌స్టాల్ సమయంలో స్క్రిప్ట్ తయారుచేస్తుంది. ఇలాంటి వాటి పేరును ఇన్ఫో ఫోల్డర్‌లోని .పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టుల్లో గ్రెప్‌తో వెతికితే కొన్నిసార్లు ఆచూకీ తగులుతుంది. /యూఎస్‌ఆర్/లోకల్ కింద ఉన్నవాటి గురించి మాత్రం డీపీకేజీని అడిగి లాభం లేదు. ఎవరో సోర్స్ నుంచి ‘మేక్ ఇన్‌స్టాల్’ కొట్టి ఉంటారు, లేదా పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్ పెట్టి ఉంటుంది.

ఫెడోరా లైనక్స్‌లో ఇదే పనికి ‘ఆర్‌పీఎం -క్యూఎఫ్’, ఆర్చ్ లైనక్స్‌లో ‘ప్యాక్‌మ్యాన్ -క్యూఓ’ (ఇక్కడ క్యూ క్యాపిటల్). ఇంకా ఇన్‌స్టాల్ చెయ్యని ప్యాకేజీల్లో వెతకాలంటే డెబియన్‌లో ‘యాప్ట్-ఫైల్ అప్‌డేట్’ చేశాక ‘యాప్ట్-ఫైల్ సెర్చ్’, ఫెడోరాలో ‘డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్’ వాడండి.