హెడ్‌ఫోన్ యాంప్ కొన్నారా? రిటర్న్ గడువు దాటకముందే ఇంట్లో ఇలా పరీక్షించండి

విని చూసి కొనాలంటే కర్నూలు వాళ్లు హైదరాబాదుకో, అనంతపురం వాళ్లు బెంగళూరుకో బస్సెక్కాలి. అందుకే మన వైపు చాలామంది డాక్, హెడ్‌ఫోన్ యాంప్ కలిసిన చిన్న డెస్క్‌టాప్ పెట్టెలను ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటున్నారు. పార్శిల్ చేతికొచ్చిన రోజు నుంచే రిటర్న్ గడువు కరుగుతుంది. కొన్ని చోట్ల డబ్బు వాపసు ఉండదు, వేరే పెట్టె మార్చి ఇస్తారంతే. ఆ లైన్ ఆర్డర్ పెట్టకముందే చదవండి.

డాక్ కంప్యూటర్‌లోని అంకెలను విద్యుత్ సిగ్నల్‌గా మారుస్తుంది. యాంప్ ఆ సిగ్నల్‌కు హెడ్‌ఫోన్‌ను కదిలించే బలం ఇస్తుంది. ప్రకటనలన్నీ డాక్ చిప్ పేరు చుట్టూ తిరుగుతాయి గానీ, ఈ రోజుల్లో చవక పెట్టెలో కూడా చిప్ వల్ల ఇబ్బంది రావడం అరుదు. తేడా వచ్చేది యాంప్ భాగంలో, వాల్యూమ్ నాబ్‌లో, అడాప్టర్‌లో, మీ ఇంటి ఎర్తింగ్‌లో. కాబట్టి సమయమంతా వాటి మీద పెట్టండి.

కొనకముందు ఒక లెక్క

హెడ్‌ఫోన్ స్పెసిఫికేషన్‌లో రెండు అంకెలు వెతకండి: ఇంపీడెన్స్ (కరెంటుకు హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు) ఎన్ని ఓమ్స్, సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత పెద్దగా పలుకుతుంది) ఎన్ని డెసిబెల్స్. సంగీతంలో ఒక్కసారిగా ఎగిసే శబ్దాలకు 110 డెసిబెల్స్ అందితే చాలు. ఇది ఆ క్షణికమైన శిఖరాలకు మాత్రమే, అంత శబ్దంతో గంటలకొద్దీ వినడానికి కాదు.

ఆడియో టెక్నికా ఎం20ఎక్స్ 47 ఓమ్స్, ఒక మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్. 110 చేరడానికి ఇంకా 14 డెసిబెల్స్ కావాలి, అంటే 25 రెట్ల పవర్, 25 మిల్లీవాట్లు. వాట్లను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు వస్తాయి: 0.025 ఇంటూ 47, దాని వర్గమూలం సుమారు 1.1 వోల్టులు. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్స్ మోడల్‌కు కూడా 96 డెసిబెల్సే, కావలసింది కూడా 25 మిల్లీవాట్లే. కానీ ఓమ్స్ ఎక్కువ కావడంతో 2.5 వోల్టులు ఇవ్వాలి. ఒక వోల్టు దగ్గర ఆగిపోయే ఫోన్ డాంగిల్‌తో (ఫోన్‌కు తగిలించే చిన్న హెడ్‌ఫోన్ అడాప్టర్‌తో) ఎం20ఎక్స్ దాదాపు పూర్తిగా పలుకుతుంది, డీటీ 990 మాత్రం 8 డెసిబెల్స్ వెనకబడుతుంది. చాలామంది డెస్క్‌టాప్ యాంప్ కొనేది ఈ 8 డెసిబెల్స్ కోసమే. మీ లెక్క ఒక వోల్టు లోపే తేలితే ఈ కొనుగోలే అవసరం లేకపోవచ్చు.

ఒక జాగ్రత్త. సెన్‌హైజర్ లాంటి కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు కాక వోల్టుకు రాస్తాయి. హెచ్‌డీ 650కి ఉన్న 103 డెసిబెల్స్ ఒక వోల్టు దగ్గరి లెక్క. 110కి ఇంకా 7 డెసిబెల్స్ కావాలి, అంటే సుమారు 2.2 వోల్టులు. ఈ రెండు పద్ధతులనూ కలిపేస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

కావలసిన సామాను

మల్టీమీటర్ దగ్గరే చాలామంది పొరబడతారు. ఎక్కడైనా దొరికే చిన్న పసుపు మీటర్‌లో ఏసీకి 200, 600 లేదా 750 వోల్టుల రేంజ్‌లు మాత్రమే ఉంటాయి. అది 0.1 వోల్టు కంటే చిన్న తేడా చూపలేదు, ఈ పనికి పనికిరాదు. ఏసీలో 2 వోల్టుల రేంజ్ గానీ మిల్లీవోల్టుల రేంజ్ గానీ ఉన్నది కావాలి. ట్రూ ఆర్‌ఎంఎస్ (తరంగం ఆకారం ఎలా ఉన్నా సరైన వోల్టేజ్ చూపే రకం) అయితే ఇంకా మంచిది.

దాంతో పాటు 33 ఓమ్స్, 2 వాట్ల రెసిస్టర్లు రెండు, యాంప్ సాకెట్‌కు సరిపోయే స్టీరియో జాక్ ఒకటి తెచ్చుకోండి. టీవీ, రేడియో రిపేరు చేసే షాపుల్లో ఇవి కొద్ది రూపాయలకే దొరుకుతాయి, మీకు టంకం వేయడం రాకపోతే వాళ్లే వేసిస్తారు. జాక్ కొన ఎడమ చానల్, మధ్య వలయం కుడి చానల్, వెనక పొడుగు భాగం గ్రౌండ్. ఒక రెసిస్టర్‌ను ఎడమకూ గ్రౌండ్‌కూ, రెండోదాన్ని కుడికీ గ్రౌండ్‌కూ మధ్య పెట్టేలా తీగలు బయటికి తీయండి. బ్యాలెన్స్‌డ్ సాకెట్‌కు ఈ జాక్ వాడొద్దు. అక్కడ రెండు చానళ్లకూ ఉమ్మడి గ్రౌండ్ ఉండదు, కలిపితే యాంప్ కాలిపోవచ్చు.

టోన్ కోసం ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. జెనరేట్ మెనూలో టోన్ ఎంచుకుని 60 హెర్ట్జ్ సైన్ వేవ్‌ను రెండు ఫైళ్లుగా చేయండి: ఒకటి యాంప్లిట్యూడ్ 1, రెండోది 0.5. రెండింటినీ స్టీరియోలోనే సేవ్ చేయండి. వెయ్యి హెర్ట్జ్ ఎందుకు వద్దంటే, మామూలు మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చూపించడం మొదలుపెడతాయి. ఏడో అడుగులో తప్ప, ఈ టోన్లు నడుస్తున్నంతసేపూ హెడ్‌ఫోన్ యాంప్‌కు తగిలించి ఉండకూడదు.

మొదటి అడుగు: అడాప్టర్ చూడకుండా ప్లగ్ పెట్టొద్దు

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పెట్టె అయితే అడాప్టర్ వెనక అచ్చు చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే సరే. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్‌లో అది నిమిషాల్లో కాలిపోతుంది. కొన్ని యాంప్‌లకు అడాప్టర్ నుంచి డీసీ కాదు, 15 వోల్టుల ఏసీ అందాలి. అవుట్‌పుట్ అంకె పక్కన అలలాంటి గీత ఉంటే అది ఏసీ. పిన్ను సరిపోయింది కదా అని పాత రౌటర్ అడాప్టర్ పెట్టకండి.

రెండో అడుగు: డీసీ కొలత

ఖాళీగా, ఏ పాటా లేకుండా యాంప్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగండి. మీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి రెండు చానళ్లూ కొలవండి. 5 మిల్లీవోల్టుల లోపు ఉంటే చాలా బాగున్నట్టు. 50 దాటితే ఇక మిగతా పరీక్షలు వద్దు, వెంటనే వెనక్కి పంపండి. ఆ డీసీ హెడ్‌ఫోన్ కాయిల్‌ను ఒక పక్కకు నెట్టి ఉంచుతుంది.

మూడో అడుగు: అవుట్‌పుట్ ఇంపీడెన్స్

రెసిస్టర్ లేకుండా యాంప్లిట్యూడ్ 1 టోన్ నడిపి, మీటర్‌లో సరిగ్గా 1.000 వోల్టు వచ్చేదాకా నాబ్ తిప్పండి. నాబ్ కదపకుండా 33 ఓమ్స్ రెసిస్టర్ కలపండి. అంకె కిందికి దిగుతుంది. 0.970కి దిగితే, 1ని 0.97తో భాగించి 1 తీసేసి 33తో గుణించండి: దాదాపు 1 ఓమ్. 0.770కి పడిపోతే దాదాపు 10 ఓమ్స్.

ఇదే యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే యాంప్ లోపలే ఉండే అడ్డు. ఇది హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. 32 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్స్ లోపు ఉండాలి. ఎందుకంటే హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకేలా ఉండదు. యాంప్ ఇంపీడెన్స్ ఎక్కువైతే వోల్టేజ్ ఫ్రీక్వెన్సీని బట్టి చీలిపోతుంది, బాస్ ఉబ్బినట్టు వినిపిస్తుంది. కొందరు దాన్నే "వెచ్చని ధ్వని" అని మెచ్చుకుంటారు. అది యాంప్ గుణం కాదు, లోపమే. చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్లలో, ముఖ్యంగా ఎక్కువ డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు) ఉన్నవాటిలో, ఈ మార్పు ఇంకా ఎక్కువ.

నాలుగో అడుగు: చెప్పిన పవర్ నిజంగా ఉందా

రెసిస్టర్ కలిపే ఉంచండి. నాబ్‌ను మీరు మామూలుగా వినే చోట పెట్టి 0.5 ఫైల్ నడిపి రాసుకోండి, తర్వాత 1 ఫైల్. రెండో అంకె మొదటిదానికి సరిగ్గా రెట్టింపు కావాలి. నాబ్ కొంచెం కొంచెం పెంచుతూ ఇదే చేయండి. ఒక చోట 1.60 వోల్టులకు 3.20 రావలసింది 2.70 దగ్గర ఆగిందనుకోండి, యాంప్ చేతులెత్తేసింది, తరంగం పైభాగం తెగిపోతోంది. రెట్టింపు సరిగ్గా వచ్చిన చివరి వోల్టేజే మీ పెట్టె అసలు సత్తా. దాని వర్గాన్ని 33తో భాగిస్తే వాట్లు. పెట్టె మీద అచ్చేసిన మిల్లీవాట్లు సాధారణంగా ఎక్కువగానే ఉంటాయి, ఎందుకంటే కొందరు శబ్దం బాగా పాడైన స్థితిలో కొలిచి ఆ అంకె రాస్తారు. అంకె తేడా ముఖ్యం కాదు. ముందు వేసిన లెక్కకు సరిపోతే చాలు. రెసిస్టర్ వేడెక్కుతుంది, వేలు పెట్టకండి.

ఐదో అడుగు: ఎడమ, కుడి సమానమా

చవక పెట్టెల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఇదే. నాబ్ గీతను గడియారంలో 8, 9, 10, 12 గంటల స్థానాల్లో పెట్టి రెండు చానళ్లూ కొలవండి. ఒకటి 0.112, రెండోది 0.100 వస్తే తేడా ఒక డెసిబెల్, గాయకుడు మధ్యలోంచి ఒక పక్కకు జరుగుతాడు. నాబ్ వెనకుండే మామూలు పొటెన్షియోమీటర్లు 9 కిందికి వస్తే ఇలా తేడా పడుతుంటాయి. మీరు వినేది 11 దగ్గరైతే దీన్ని వదిలేయొచ్చు. సున్నితమైన ఇయర్‌ఫోన్లతో 8 దగ్గరే సరిపోతుంటే గెయిన్ స్విచ్ (యాంప్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో మార్చేది) తక్కువలో పెట్టండి, నాబ్ పైకి వస్తుంది. గెయిన్ స్విచ్ లేని పెట్టె అలాంటి ఇయర్‌ఫోన్లకు నప్పదు.

ఆరో అడుగు: బుస, హమ్, జివ్వుమనడం

దీనికి నిశ్శబ్దం కావాలి. మే నెలలో కర్నూలులో ఫ్యాన్, కూలర్ ఆపి కూర్చోవడం జరిగే పని కాదు, తెల్లవారుజామున 4–5 గంటల మధ్య చేయండి. మీ దగ్గరున్నవాటిలో అతి సున్నితమైన ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పాట లేకుండా వినండి. నాబ్ ఎక్కడున్నా ఒకేలా ఉండే బుస యాంప్ చివరి దశది, దానికి మందు లేదు. నాబ్‌తో పాటు పెరిగేది అంతకు ముందు దశది. మౌస్ కదిపినప్పుడు, పెద్ద ఫైల్ కాపీ అవుతున్నప్పుడు కిచకిచమంటే అది యూఎస్‌బీ ద్వారా వస్తోంది. పోర్ట్ మార్చండి, లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి.

ముదురు "భూం" శబ్దం 50 హెర్ట్జ్ హమ్. పెట్టెను తిట్టుకునేముందు ఎర్తింగ్ చూడండి. అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యి చుట్టూ మట్టి ఎండిపోతే కరెంటు భూమిలోకి సరిగ్గా దిగదు. యాంప్ లోహపు ఒంటిని వేలి వెనక భాగంతో మెల్లగా రాస్తే చర్మం కింద గరుకుగా, సన్నగా వణికినట్టు అనిపిస్తుంది. అది రెండు పిన్నుల చార్జర్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు. మూడు పిన్నుల ప్లగ్, పనిచేసే ఎర్త్ ఉంటే అది పోతుంది. గట్టిగా షాక్ కొడితే మాత్రం వెంటనే ప్లగ్ తీసేయండి. గొయ్యిలో రెండు బకెట్ల నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ వోల్టేజ్ కొలిపించండి. మెయిన్స్ కొలత మీరే చేయడానికి దిగకండి.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపి అదే పరీక్ష మళ్లీ చేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లు గీపెడతాయి, ఆ గీ హెడ్‌ఫోన్‌లోకీ రావచ్చు. అందులో యాంప్ తప్పు లేదు.

ఏడో అడుగు: కళ్లు మూసుకుని వినడం

విండోస్‌లో సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్‌లు ఆపి, ఫార్మాట్‌ను పాట ఫైల్‌కు తగ్గట్టు 44,100 హెర్ట్జ్‌లో పెట్టి, విండోస్ వాల్యూమ్ వందలో ఉంచండి. పాత యాంప్, కొత్త యాంప్ రెండింటికీ టోన్ నడిపి, వోల్టేజ్ తేడా 1 శాతం లోపు వచ్చేలా నాబ్‌లు సరిచేయండి. ఈసారి రెసిస్టర్ బదులు మీ హెడ్‌ఫోన్‌నే, చెవులకు పెట్టుకోకుండా, తగిలించి కొలవాలి. దీనికి 0.5 ఫైల్‌తో 0.1 వోల్టు దగ్గర కొలిస్తే హెడ్‌ఫోన్‌కు ప్రమాదం లేదు. ఈ ఒక్క పని చేయకపోతే మిగతా పోలికంతా వృథా. కొంచెం పెద్దగా పలికేదే మంచిదని చెవి తీర్పు చెప్పేస్తుంది.

పాటల్లో తంబూర శ్రుతి ఎడతెగకుండా సాగేది ఒకటి, మృదంగం ఎడమ వైపు గుమ్మని మోగేది ఒకటి తీసుకోండి. అనంతపురం ఉరుముల మేళం రికార్డింగ్ దొరికితే ఇంకా మంచిది, దెబ్బ మొదలూ దాని వెనక మోత రెండూ స్పష్టంగా పట్టుబడతాయి. యాంప్‌ల మీద తువ్వాలు కప్పి, ఇంట్లో ఎవరినైనా నాణెం ఎగరేసి జాక్ మార్చమనండి. ప్రతిసారీ నాబ్ కదలకుండా చూసుకోవాలి. పలుకుతున్నది ఏ యాంప్ అన్నది 16 సార్లు ఊహించండి. 12 లేదా అంతకంటే ఎక్కువ సరైతే తేడా నిజంగా వినిపిస్తోందనుకోవచ్చు. వట్టి అదృష్టంతో అలా వచ్చే అవకాశం 4 శాతం లోపే. 8, 9 దగ్గర ఆగితే, పాత పరికరానికి మీ హెడ్‌ఫోన్‌కు కావలసిన వోల్టేజ్ కూడా ఉంటే, కొత్త పెట్టెను వాపసు చేసి ఆ డబ్బు మెరుగైన హెడ్‌ఫోన్ మీద పెట్టండి.

వాపసు చేసేటప్పుడు మీటర్ అంకెలు, నాబ్ స్థానం ఒకే ఫ్రేమ్‌లో కనిపించేలా వీడియో తీసి, రిటర్న్ అభ్యర్థనకు జత చేయండి.